ఎవరో తలుచుకుంటున్నారు

మా మామయ్యగారికి బస్టాండు పక్కన పళ్ళరసాల కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దదేం కాదు. లోపల ముగ్గురు నిలబడితే నాలుగోవాడు ఎండలో నిలబడాల్సిందే. ముప్ఫై రెండేళ్ళు నడిపారు దాన్ని. ఊళ్ళో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ, అందరికీ వడపోత బాబాయి. ఏ రసమైనా రెండుసార్లు వడగట్టందే గ్లాసులో పోసేవారు కాదు. మాటలకీ అదే పద్ధతి. లోపల ఎన్ననుకునేవారో గానీ, వడగట్టి వడగట్టి రెండు ముక్కలు బయటికి వదిలేవారు. మిగిలిందంతా మా అత్తయ్య మాట్లాడేది.

నేను కోడలిగా వచ్చిన మొదటి వేసవిలోనే నా బండారం బయటపడింది. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, పళ్ళరసం ఒక విద్యా అనుకున్నాను. బత్తాయి తొనలు గింజలతో సహా మిక్సీలో వేసి, చక్కెర పోసి, ఐసు ముక్కలు వేసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఒక గుక్క తాగారు. గ్లాసు తీసుకెళ్ళి తూములో వంపి, కడిగి బోర్లించారు. మర్నాడు పొద్దున ‘రామ్మా’ అని వంటింట్లోకి పిలిచారు.

ఆ రోజు నేర్చుకున్నదే ఈనాటికీ నాకు వచ్చిన పళ్ళరసం. కాయ చేత్తో పట్టుకుంటే బరువుండాలి. తేలిక కాయ అమ్మేవాడికి లాభం, బరువు కాయ మనకి లాభం అనేవారు. కొయ్యబోయే ముందు అరచేతి కింద పెట్టి గట్టు మీద దొర్లించాలి, లోపల తొనలు మెత్తబడేదాకా. అడ్డంగా కొయ్యాలి. చేత్తోనే పిండాలి, అది కూడా ఆఖరి చుక్కదాకా కాదు. ఆఖరి చుక్కలో చేదుంటుంది, దాన్ని తొక్కకే వదిలెయ్యి అనేవారు. వడగట్టే గుడ్డని ముందు నీళ్ళలో తడిపి పిండాలి, లేకపోతే మనకన్నా ముందు గుడ్డ తాగుతుంది. ఐసు వేస్తే అది రసం కాదు, వరద. చల్లగా కావాలంటే కాయల్ని రాత్రే తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. పిండిన పది నిమిషాల్లో తాగెయ్యాలి, ఆగితే బత్తాయి చేదెక్కుతుంది.

వాళ్ళ వ్యాపారంలో రెండు మాటలుండేవి, పల్చన, చిక్కన. పల్చన అంటే నీళ్ళు కలిపిన రసం, ఎదురు వీధి కొట్టువాడు అమ్మేది. చిక్కన అంటే చుక్క నీరు కలపని అసలు రసం, మా కొట్లో దొరికేది. అది కాస్తో కూస్తో నీళ్ళలాగే జారుతుంది, అయినా మా ఇంటి భాషలో దాని పేరు చిక్కనే. ఈ రెండు మాటలే మా కొంప ముంచాయి, అందుకని ముందే చెబుతున్నాను.

చలి తగ్గుతుండగా ఒక ఉదయం కొట్లో అనాసపండు చెక్కుతూ ఆయన చేతిలో కత్తి జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. కుడిచెయ్యి, కుడికాలు, మూతి కుడి సగం, ఒక్క పూటలో చచ్చుబడ్డాయి. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, గండం గడిచిందని ఇంటికి పంపారు. పంపేటప్పుడు వార్డు నర్సు ఒక చేత్తో కాయితాలు సర్దుతూ, ఇంకో చేత్తో మందులు అందిస్తూ పది జాగ్రత్తలు చెప్పింది. అందులో ఒకటి, ‘ఏది తాగించినా పల్చగా వద్దమ్మా, చిక్కగా ఇవ్వండి’ అని.

నేను ఆ మాట రాసుకుని కింద గీత కూడా గీశాను. అత్తయ్యకైతే పౌరుషం వచ్చింది. ఆటోలో ఇంటిదాకా అదే గొడవ. ముప్ఫై రెండేళ్ళలో ఒక్క చుక్క నీళ్ళు కలిపి ఎరగని ఇల్లు, మనకి చెబుతుందా ఆ పిల్ల చిక్కగా ఇమ్మని, తాతకి దగ్గులు నేర్పినట్టుంది అని. కాస్త దూరం పోయాక తనే మళ్ళీ అడిగింది, మంచినీళ్ళు చిక్కగా ఎలా ఇస్తారే అని. ఇద్దరం నవ్వుకున్నాం. అంతటి ప్రశ్న దానంతట అదే వచ్చి ఒళ్ళో కూర్చుంటే, నవ్వి పక్కకి తోసేశాం. బళ్ళో ఏ పిల్లాడైనా అలాంటి ప్రశ్న వేస్తే మెచ్చుకునేదాన్ని. ఆ రోజు నాకు ఏ రోగం వచ్చిందో తెలీదు.

ఎండలు ముదిరాయి. బడికి సెలవులిచ్చారు. మామయ్యగారి మంచం వెనక గదిలో వేశాం, ఒక్క కిటికీ ఉన్న గది. కిటికీకి తడి దుప్పటి కట్టి, దాని ముందు బల్ల ఫ్యాను పెట్టాం. మంచినీళ్ళు ఆయనకి మొదట్నుంచీ పెద్దగా పట్టవు, దాహమంతా రసంతోనే తీరాలి. పదకొండింటికి బత్తాయి, నాలుగింటికి ద్రాక్షో పుచ్చకాయో. నేను పిండేదాన్ని, అత్తయ్య పట్టుకెళ్ళి తాగించేది. ఎడంచేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని ఆయన గటగటా తాగుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

రెండో గుక్కకో మూడో గుక్కకో పొలమారేది.

పొలమారితే మన ఇళ్ళల్లో ఏం చేస్తారో అందరికీ తెలుసు. అత్తయ్య మాడు మీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అనేది. అదేమీ వింత కాదు. కానీ ఆ మాట మామయ్యగారికి మందులా పనిచేసింది. కొట్టు మూతపడ్డాక ఆయన బెంగంతా ఒకటే, జనం మర్చిపోతారని. మొదటి వారంలో ఒకరిద్దరు చూసిపోయారు, తర్వాత ఎవరూ రాలేదు. మాట ముద్దముద్దగా వచ్చేది, అయినా రోజుకి ఒక్కసారైనా ఎవరైనా వచ్చారా అని అడిగేవారు. అలాంటి మనిషికి పొలమారితే, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూనే ఎవరై ఉంటారా అన్నట్టు మా మొహాలు చూసేవారు.

అలా మొదలైంది ఆట. పొలమారగానే అత్తయ్య ఒక్కో పేరూ చదివేది. చక్కెర వద్దని ద్రాక్షరసం తాగే కండక్టరా. ఎదురుగుండా కుట్టుమిషను ఆయనా. సగం గ్లాసు చాలంటూ రెండు సగాలు తాగే బ్యాంకు గొడుగావిడా. ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్ళే తలుచుకున్నట్టు లెక్క. గొడుగావిడ దగ్గర ఆగితే మామయ్యగారు మూతి ఎడం సగంతో నవ్వేవారు, అత్తయ్య ఉత్తుత్తి అలకపోయేది. మొదట్లో గ్లాసుకి మూడుసార్లు పొలమారేది, మూడో వారానికి ఆరుసార్లు, ఏడుసార్లు. ఇవాళ ఏకంగా ఏడుగురు అని అత్తయ్య వంటింట్లోకొచ్చి మురిపెంగా చెప్పేది. కొట్టు తెరిచినప్పుడు కూడా నాన్నకి ఇంత బేరం లేదని మా ఆయన వేళాకోళం చేశాడు. నేనూ నవ్వాను. లెక్కల టీచర్ని కదా, మూడు ఏడెందుకైందని మాత్రం ఆలోచించలేదు.

తర్వాత ఒళ్ళు వెచ్చబడింది. ఎండ దెబ్బ అనుకున్నాం, వేసవిలో అందరూ అనుకునేదే. ఎండ దెబ్బకి విరుగుడేమిటి, చల్లగా తాగించడం. రెండు పూటల రసం కాస్తా నాలుగు పూటలైంది. పుచ్చకాయ గుజ్జు గింజ చితక్కుండా చేత్తో నలిపి, గుడ్డలో వడగట్టి, పిసరంత ఉప్పు వేసి నా చేత్తో నేనే కలిపి పంపాను. గొంతులో నీళ్ళు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఆయన గొంతు బుడబుడలాడేది. మూడో రోజు మధ్యాహ్నానికి ఊపిరి అందక డొక్కలు ఎగిరిపడ్డాయి. మళ్ళీ అదే ఆసుపత్రికి పరిగెత్తాం.

ఊపిరితిత్తుల్లో నీరూ చీమూ చేరిందన్నారు. పెద్ద డాక్టరు అత్తయ్యని అడిగాడు, తాగేటప్పుడు దగ్గొచ్చేదా అని.

‘దగ్గేం లేదండీ. ఊరికే పొలమారేది, అంతే’ అంది అత్తయ్య.

ఎన్నాళ్ళనుంచి అని అడిగాడాయన. నెల్లాళ్ళ పైనే అంది. అంతటితో ఊరుకోకుండా, పాత కొట్టు కదండీ, తలుచుకునేవాళ్ళు చాలామంది అని కూడా చెప్పింది. డాక్టరు రాస్తున్న కలం కింద పెట్టేశాడు. అప్పటికి నాకు అర్థమైంది. అత్తయ్యకి ఇంకా కాలేదు.

మింగుడు పరీక్షలు చేసే అమ్మాయి ఒకతి వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గొంతులో రెండు దారులున్నాయి, ఒకటి అన్నానికి, ఒకటి గాలికి. మనం మింగే ప్రతిసారీ గాలి దారికి మూత పడుతుంది. ఈయనకి ఆ మూత ఆలస్యంగా పడుతోంది. నీళ్ళలాంటిది ఏదైనా సరే, మూత పడేలోపే గాలి దారిలోకి జారిపోతుంది. పొలమారడమంటే అదే. అందుకే చిక్కగా ఇమ్మన్నాం కదండీ అంది. నేను చిక్కగానే ఇచ్చామన్నాను, ఒక్క చుక్క నీళ్ళు కలపలేదన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, నేను బళ్ళో మొద్దు పిల్లలకి చెప్పేంత నెమ్మదిగా చెప్పింది.

‘నీళ్ళు కలపకపోవడం కాదండీ. చెంచా వంచితే తేనెలా జారాలి. చిక్కగా అంటే అదీ.’

పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న మాట అది. అర్థం కాకపోతే అడగమని అరవై మంది పిల్లలకి చెప్పేదాన్ని, ఒక్క మాట ఆ నర్సుని తిరిగి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు, మాకు తెలుసనుకున్నాం. అత్తయ్య ఆ పూటంతా తన అరచెయ్యి చూసుకుంటూ కూర్చుంది. నా చేత్తో నేనే పోశానే అంటుంది. పిండింది నేను కదా అంటాను నేను. పోసింది నేను కదే అంటుంది. ఇద్దరం పాపం పంచుకోవడానికి పోట్లాడుకున్నాం గానీ, దానివల్ల ఆయన ఊపిరి ఒక్క పిసరు తేలికపడలేదు.

పన్నెండు రోజులకి ఇంటికి తెచ్చాం, చిక్కబెట్టే పొడి డబ్బాతో సహా. గ్లాసు రసానికి రెండు చెంచాల పొడి వేసి కలిపి, నిమిషం ఆగాలి. మొదటిరోజు ఉండలు కట్టింది. అలవాటు కొద్దీ గుడ్డలో పోసి వడగట్టాను. పొడంతా గుడ్డలోనే ఉండిపోయింది, కింద గిన్నెలో మామూలు బత్తాయి రసం నన్ను చూసి నవ్వుతోంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు కూడా సరిగ్గా పట్టుకోవడం రాలేదు నాకు. పారబోసి మళ్ళీ కలిపాను. ఈసారి కుదిరింది.

మామయ్యగారు గ్లాసు వంచి చూశారు. రసం అంచుదాకా రావడానికి తొందరపడలేదు. ఏమిటిది అన్నట్టు నన్ను చూశారు. ఇలాగే తాగాలి మామయ్యా, ఊపిరితిత్తుల్లోకి పోకుండా అని చెప్పాను. నా మొహం చూసి రెండు చెంచాలు మింగారు. బాగాలేదని అనలేదు, అనరు కూడా. తూముదాకా నడవగలిగితే వంపేసేవారేమో.

ఆ తర్వాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. మామిడిపండు గుజ్జు చేశాను, నాలుగు రోజులు తిన్నారు, ఐదో రోజు మానేశారు. అరటిపండు మెదిపి బత్తాయి రసంలో కలిపాను, వాసన చూసి తల తిప్పుకున్నారు. దానిమ్మ, సపోటా, బొప్పాయి, ఏదైనా సరే రెండు చెంచాలు దాటేది కాదు. మూడో వారానికి పెదవులు మూసుకోవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లాడైతే ముక్కు పట్టుకునైనా పోస్తాం. ముప్ఫై రెండేళ్ళు ఊరందరి దాహం తీర్చిన మనిషి ముక్కు ఎవరు పట్టుకుంటారు? బయట ఎండ పేలిపోతోంది. వంటింట్లో బుట్టనిండా కాయలున్నాయి. పిండడం వచ్చిన మనిషిని నేనున్నాను, తాగాలన్న మనిషి ఆయనున్నారు, మధ్య గోడ లేదు, గుమ్మం కూడా తెరిచే ఉంది. అయినా ఆయన నాలుక ఎండిపోయి పెదవులకి అంటుకుంటోంది.

ఒకరోజు గదిలోకి వెళ్ళేసరికి, కిటికీకి కట్టిన తడి దుప్పటి అంచుని ఎడంచేత్తో పట్టుకుని వేళ్ళు తడుపుకుంటున్నారు. తడిపిన వేళ్ళని పెదవుల మీద రాసుకున్నారు. నన్ను చూసి, దొంగతనం చేసినవాడిలా చెయ్యి గబుక్కున కప్పుకున్న దుప్పట్లో దాచుకున్నారు. నేను చూడనట్టు ఫ్యాను సర్ది బయటికొచ్చేశాను. వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చాను.

అన్నిట్లోకీ ఒకటే ఊరట, దగ్గు పూర్తిగా ఆగిపోయింది. ఆ రెండు చెంచాలకైనా ఒక్కసారీ పొలమారేది కాదు. నెమ్మదిస్తోందే అని అత్తయ్య రోజూ అనేది. నేనూ అదే అనుకున్నాను. నెలకి చూపించమన్నారని తీసుకెళ్ళాం.

ఎక్స్‌రే తెర ముందు కూర్చోబెట్టి తెల్లటి మందు తాగించి లోపల ఎలా వెళుతోందో చూస్తారు. అత్తయ్య బయట బల్ల మీదే కూర్చుంది, చూడలేనంది. నేనూ మా ఆయనా లోపల నిలబడ్డాం. తెల్లటి గీత గొంతులోంచి దిగింది. దిగి రెండుగా చీలింది. సగం వెనక దారిలోకి పోయింది, సగం ముందు దారిలోకి, ఊపిరి దారిలోకి. చిక్కటిది పట్టించినా కొంత అటే పోయింది. మామయ్యగారు మాత్రం దగ్గలేదు. అంతా సరిగ్గానే ఉంది కదా అన్నట్టు మావైపు చూస్తూ కూర్చున్నారు.

మింగుడు పరీక్షల అమ్మాయి తెర ఆపేసి, దగ్గు రాకపోవడం మంచిది కాదండీ అంది. ఇదివరకు పక్కదారిలో పడితే గొంతు గుర్తుపట్టి దగ్గి బయటికి తోసేది. ఇప్పుడు ఆ స్పర్శ పోయింది. పడుతూనే ఉంటుంది, ఆయనకి తెలియదు, మనకీ తెలియదు. పెద్ద డాక్టరు పొట్టకి గొట్టం వేద్దామన్నాడు. అప్పుడిక నోటితో ఏమీ ఇవ్వక్కర్లేదు. మామయ్యగారు ఎడంచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపారు. ఇంకోసారి వివరంగా చెప్పాడు డాక్టరు. ఇంకోసారి అలాగే ఊపారు. ఊపి, చాలాసేపు కూడదీసుకుని, ‘వడగట్టి... ఇవ్వొచ్చా’ అన్నారు.

డాక్టరుకి అర్థం కాలేదు. మామూలు పళ్ళరసం తాగొచ్చా అని అడుగుతున్నారని నేను చెప్పాను. డాక్టరు మామయ్యగారి వైపు తిరిగి చెప్పాడు. గొట్టం వద్దంటే ఇక మా చేతుల్లో పెద్దగా ఏం లేదు, జ్వరం మళ్ళీ వస్తుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం, వస్తే తట్టుకునే ఒళ్ళు కాదు. తెలిసీ అడుగుతున్నారు కాబట్టి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, కొంచెం కొంచెం ఇవ్వండి అన్నాడు. మామయ్యగారు అంతా విన్నారు. ఒక్కసారి తలూపారు.

మెట్ల దగ్గర మా ఆయన నన్ను ఆపాడు. ‘అమ్మకి చెప్పొద్దు. చెబితే తన చేత్తో గ్లాసు పట్టుకోలేదు. నాన్న అమ్మ చేత్తోనే తాగాలి’ అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను సరేనన్నాను. బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తయ్య ఏమన్నారని అడిగితే, ఇష్టమైంది ఇవ్వమన్నారమ్మా అని చెప్పాడు. అబద్ధం కాదు, అంతకన్నా నిజమూ కాదు. అత్తయ్య మొహం నెల తర్వాత మళ్ళీ అప్పుడే వెలిగింది. దగ్గాగిపోయిందని నేను ముందే చెప్పలేదా అంది.

మర్నాడు పదకొండింటికి రెండు బత్తాయిలు తీసుకున్నాను. తొనలు మెత్తబడేదాకా గట్టు మీద దొర్లించాను. పిండి, తడిగుడ్డలో రెండుసార్లు వడగట్టాను. మామయ్యగారి వెనక మూడు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టి, గడ్డం నా వేళ్ళతో కిందికి దించి పట్టుకున్నాను. అత్తయ్య మంచం అంచున కూర్చుని చెంచాతో పట్టింది. మొదటి చెంచా నోట్లోకి వెళ్ళగానే ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎండిన పెదవులు చెంచాని వదల్లేదు, అత్తయ్య నెమ్మదిగా లాక్కోవాల్సి వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా గది నిండా చెంచా చప్పుడే. నా వేళ్ళ కింద ఆయన గొంతు ప్రతి గుక్కకీ పైకి లేచి దిగుతోంది. ఏది ఎటు పోతోందో వేళ్ళకి తెలియదు.

‘చూశావా, గ్లాసుడు రసం, ఒక్కసారైనా పొలమారిందా’ అంది అత్తయ్య.

మామయ్యగారు కళ్ళు తెరిచి నావైపు చూశారు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆయన గడ్డం మీద నుంచి చెయ్యి తీసేశాను.

‘లేదత్తయ్యా’ అన్నాను.

‘ఇంకో రెండు కాయలు కొయ్యవే, తాగుతారు’ అంది.

ఆయన ఖాళీ గ్లాసుని ఎడంచేత్తో నావైపు జరిపారు. నేను లేచి వెళ్ళి కాయలు కోశాను.